చెయ్యి తీసే పని

నాకు నిలకడ లేదని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఒకటే మాట. ల్యాబ్‌లో మా మేడమ్ కూడా వాళ్ళతో కలిసిపోయారు.

"నీకు అన్నిటికీ తొందరే. ఇవాళ కూడా పొర చీలితే ఈ పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను," అన్నారు పొద్దున్నే. నేను ఏరికోరి అడిగి తెచ్చుకున్న పని అది. ఒళ్ళు మండింది, కానీ ఆవిడ అన్నది నిజమే.

చెప్పుకోవడానికి తేలికే. వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నటి ప్లాస్టిక్ గోళీలను నీళ్ళ మీద వదలాలి. అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని వాటంతటవే బారులు తీరి పొర కడతాయి. అడుగున ముందే ముంచి ఉంచిన గాజుపలకను ఏటవాలుగా పైకి తీస్తే పొర దాని మీదికి వచ్చేస్తుంది. ఆరాక లోహపు ఆవిరి పట్టించి గోళీలు ఊడదీస్తే, సందుల్లో పడిన లోహం చుక్కలుగా మిగులుతుంది. గోళీలు అచ్చు మాత్రమే. నా చిక్కల్లా పలకను తీయడంలోనే. పొద్దుటి నుంచి తీసిన ప్రతిసారీ పొర చీలింది. సీసాలో ఇంకొక్కసారికి సరిపడా గోళీలే మిగిలాయి.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళి పాపను నిద్రపుచ్చాను. దాని తల కింద నా చెయ్యి. లాగితే లేస్తుంది, లేస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే అది ఊపిరి వదిలినప్పుడల్లా కాస్త కాస్తగా జరుపుతాను.

గుమ్మంలోంచి చూస్తున్న మా ఆయన గొంతు తగ్గించి, "ఇక్కడ లేని తొందర ఆ గాజుముక్క దగ్గరెందుకో?" అన్నాడు.

"మీరూరుకోండి," అన్నాను గానీ, ఆ మాట దారంతా నా వెంటే వచ్చింది.

ల్యాబ్‌లో ఫ్యాన్ ఆపేసి ఆ చివరి గోళీలను వదిలాను. పటకారుతో పలక అంచు పట్టుకుని, పాప ఊపిరిని తలుచుకుంటూ తీశాను. బయటికి వచ్చేసరికి మెడ పట్టేసింది. వెలుగులో తిప్పి చూస్తే ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే మెరుపు, ఎక్కడా గీత లేదు. సంతోషం పట్టలేక నాలో నేనే నవ్వుకున్నాను.

మర్నాడు మైక్రోస్కోప్ తెర మీద మూడుమూలల లోహపు చుక్కలు వరస తప్పకుండా కనిపించాయి. మేడమ్ చాలాసేపు చూశారు.

"ఎలా తీశావు?"

"పాప తల కింద నుంచి చెయ్యి తీసినట్టు, మేడమ్."

"అయితే ఈ పని నీదే. మిగతావాళ్ళకీ నేర్పు."

"నేర్పుతాను గానీ మేడమ్, ఉన్నది ఒక్క పాపే."

ఆవిడ పగలబడి నవ్వారు.

ఆ సాయంత్రం పాప నా చేతి మీదే కునుకు తీసింది. వంటింట్లో అంట్లు అలాగే ఉన్నాయి. చెయ్యి ఎలా తీయాలో నాకు బాగా తెలుసు. తీయబుద్ధి కాలేదు.