సీతారత్నం పూలు, పేర్రాజు ముక్కు

నేను ఒక చిల్లుల కుండీని. కడియం దగ్గర కుమ్మరి సారె మీద పుట్టాను. పచ్చిగా ఉన్నప్పుడే చుట్టూ చిల్లులు పొడిచి ఆవంలో కాల్చారు. ఆర్కిడ్ వేళ్లకు నీటికన్నా గాలి ఎక్కువ కావాలి. అందుకే నర్సరీ నడిపే సీతారత్నం నన్ను ఏరికోరి తెచ్చుకుంది.

అప్పటికే ఆమె ఒక పంతం పట్టి ఉంది. ఆమె దగ్గరున్న పెద్ద గులాబీరంగు ఆర్కిడ్‌కు అందముంది, వాసన లేదు. ఇంకో రకానికి పువ్వు చిన్నది, పరిమళం మాత్రం గొప్పది. చిన్నదాని పుప్పొడిని అగ్గిపుల్లతో తీసి పెద్దదానికి అంటించింది. కాయ కాసింది. ధూళిలాంటి విత్తనాలు గాజుసీసాల్లో మొలిచాయి. వాటిలో ఒక మొక్క నా పాలబడింది. ఏళ్లు గడిచినా పూయలేదు.

"వాసన కావాలంటే ఓ మల్లెతీగ వేసుకోవచ్చుగా," అనేవాడు ఆమె భర్త పేర్రాజు. అంటూనే మాకు ఎండ తగలకుండా పందిరి మీద వల సర్దేవాడు. మనుషుల మాటకీ చేతకీ పొంతన ఉండదు. కొందరి విషయంలో అదే మేలు.

మొగ్గలు తొడిగిన ఏడాది సీతారత్నానికి విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ముక్కుకి వాసన తెలియడం పోయింది. పోపు మాడినా పసిగట్టలేకపోయేది. పూలు విచ్చాక ఒక్కోదాని మీదకీ వంగి, అలాగే ఉండిపోయేది. ఆమె ఊపిరి నా అంచుకు తగిలేది. ఏ మొక్కని ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చాల్సిన ముక్కు అది.

చివరికి ఓ సాయంత్రం భర్తను పిలిచింది. "ఏవండీ, మీరు వాసన చూసి చెప్పండి. నా సంతోషం కోసం మాత్రం చెప్పొద్దు."

పేర్రాజు వరసగా చూసుకుంటూ వచ్చాడు. నా దగ్గర మరికాస్త ఆగాడు. "దేనికీ ఏం లేదు రత్నం," అన్నాడు, ఆమె మొహం చూడకుండా. ఆమె తలూపింది. మమ్మల్ని ఎరువుగుంతలో వేసెయ్యమంది.

మర్నాడు పొద్దెక్కాక పేర్రాజు నన్ను ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు. నాలుగడుగులు వేసి నిలబడిపోయాడు.

"రత్నం, ఇలా రా. నిన్న లేదుగానీ ఇవాళ ఉంది."

ఆమె తడిచేతులతోనే పరుగున వచ్చింది. "ఎలా ఉంది?"

"నిమ్మతొక్క గిల్లినట్టు... కాదు. దాని వెనకాల తియ్యగా ఏదో. మీ అమ్మగారు కోవా దించాక ఏలకుల పొడి చల్లేవారే, అలా."

సీతారత్నం కళ్లు మూసుకుంది. "అమ్మ వంటిల్లు కనబడుతోందండీ," అంది. కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "కొన్ని పూలు ఎండపొడ తగిలితేగానీ పరిమళించవు. దిగుల్లో పడి ఆ సంగతే మరిచిపోయాను."

ఆ పూట గుంతకి ఒక్క మొక్కా పోలేదు. రోజూ పొద్దెక్కాక పేర్రాజు వాసన చూసి చెబితే, ఆమె మొక్కల్ని ఏరింది. నా మొక్కనే తర్వాతి సంకరానికి తల్లిని చేసింది. ఆమెకు వాసన తిరిగి రాలేదు.

మొక్క గుబురెక్కి, వేళ్లు నన్ను కావలించుకుపోయాయి. విడదీయాలంటే నన్ను పగలగొట్టక తప్పలేదు. వేళ్లు అంటుకున్న పెంకుల్ని ఆమె అలాగే కొత్త కుండీల్లో పెట్టింది. పారేసినా అడిగేవారు లేని మట్టిముక్కకి ఇంతకన్నా ఏం కావాలి?

పొద్దెక్కాక పైనుంచి మాటలు వినబడతాయి.

"దీనికి కొబ్బరి వాసన రత్నం."

"పచ్చిదా, ఎండుదా?"

పేర్రాజు మళ్లీ వంగుతాడు.