దుప్పటి కింది ఎండ

మిస్త్రీ భార్యను చంపింది లైన్‌మన్. ఊపిరితిత్తుల జబ్బని డాక్టరు రాశాడు, రాసుకోనీ. ఆక్సిజన్ మిషను మీద బతుకుతున్న మనిషి ఆ ఇంట్లో ఉందని తెలిసీ, లైన్‌మన్ వీధి చివర ఫ్యూజు పీకి, ఒక్క మాటైనా చెప్పకుండా టీకి పోయాడు. మిషను ఆగింది. ఆవిడా ఆగింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఆ మిషను మిస్త్రీ అక్క మంచం పక్కన ఉంది. పగలంతా ఇల్లు చక్కబెట్టుకునే ఆవిడకు రాత్రయితే దాని గాలి లేనిదే గడవదు. ఇంకో ఊపిరిని ఆ లైన్‌మన్ చేతిలో పెట్టనని మిస్త్రీ పంతం పట్టాడు. పెరట్లో రెండు సోలార్ పలకలు నిలబెట్టాడు. వరండాలో బ్యాటరీ, గోడకు ఇన్వర్టరు బిగించాడు. బతుకంతా మోటార్లకు రాగితీగ చుట్టిన చేతులు కదా, ఒక్క బోల్టు కూడా ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు.

పరీక్ష రోజున మెయిన్ కట్టేశాడు. పలకల తీగ కూడా పీకేశాడు.

"అదెందుకురా?" అంది అక్క.

"రాత్రిపూట ఎండ కాస్తుందా? ఒట్టి బ్యాటరీ మీదే సాయంత్రం దాకా ఆడాలి. ఆడితేనే నీ ముక్కుకు."

మిషను గుర్రుమంది. మిస్త్రీ గుండె ఎగిరి గంతేసింది. ఆ సంబరం అన్నం వడ్డించేలోపే ఆవిరైంది. ఇన్వర్టరు కీచుమని అరిచి చచ్చూరుకుంది.

అతను బ్యాటరీ అమ్మినవాణ్ణి తిట్టాడు. పలకలు అమ్మినవాణ్ణి, వాడి వంశాన్ని తిట్టాడు. ప్రతి బోల్టూ విప్పి మళ్ళీ బిగించాడు. ఎక్కడా లోపం లేదు. పలకల తీగ తిరిగి తగిలిస్తే మీటరులో ముల్లు కదలనే లేదు. బయట చూస్తే నెత్తి మాడే ఎండ. విసురుగా పెరట్లోకి వెళ్ళి, అక్కడే కొయ్యబారిపోయాడు.

ఒక పలక మీద తడి దుప్పటి. రెండోదాని మీద తువ్వాళ్ళు, దిండు గలీబులు, అతని లుంగీ.

"అక్కా! ఏంటే ఇది?"

"అద్దం పెనంలా కాలుతోందిరా. ఇట్టే ఆరిపోతున్నాయి. నువ్వు ఇన్నాళ్ళకి ఇంటికి పనికొచ్చే వస్తువు ఒకటి చేశావు."

"ఎప్పట్నించి ఆరేస్తున్నావు?"

"నువ్వు పెట్టిన రోజు నించే. ఏం, అరిగిపోయిందా?"

మిస్త్రీ దుప్పటి లాగి భుజాన వేసుకున్నాడు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. భార్య పోయాక ఆ ఇంట్లో అలాంటి చప్పుడు అదే మొదలు. అక్క భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

పెరట్లో దండెం కట్టాడు. బ్యాటరీ నిండేదాకా పలకల దగ్గరే కుర్చీ వేసుకుని, కాకిని కూడా వాలనివ్వలేదు.

మళ్ళీ పొద్దున్నే మెయిన్ కట్టేశాడు. పలకల తీగ పీకేశాడు. మిషను అందుకుంది. మధ్యాహ్నమైనా ఆగలేదు. అతను కూర్చోలేడు, నిలబడలేడు. తీగలు వేడెక్కాయేమోనని తడుముతాడు, మీటరు చూస్తాడు, మళ్ళీ తడుముతాడు.

"పురిటిగది బయట మొగుడిలా ఆ తిరుగుడేంట్రా? కూర్చో" అంది అక్క.

పొద్దుగూకింది. వీధిలో కరెంటు పోయింది. మిస్త్రీ ఇంట్లో మాత్రం మిషను ఆడుతూనే ఉంది, వరండాలో లైటు వెలుగుతోంది. అక్క గొట్టం ముక్కుకు పెట్టుకుని హాయిగా గాలి పీల్చింది. "ఒరేయ్, గెలిచావురా!" మిస్త్రీకి ఈల వేయాలనిపించింది.

అప్పుడే గేటు దగ్గర ఎవరో ఆయాసపడుతూ ఆగారు. లైన్‌మన్.

"అన్నా, ఫ్యూజు పోయింది. ఇంట్లో మిషను ఉందని ముందు మీకే చెబుదామని పరిగెత్తుకొచ్చా..." వెలుగుతున్న లైటు చూసి మాట మింగాడు. "ఆ రోజు కూడా ఇలా వచ్చుంటే..."

"వచ్చావా?"

"లేదన్నా."

"ఈ ఇంటికి నీ కరెంటు అక్కర్లేదు. నీ కబురూ అక్కర్లేదు. చెప్పాల్సింది ఆమె పోయిన రోజే నీ మొహాన చెప్పాను. దాని గురించి ఇంకెప్పుడూ మాట్లాడను."

గేటు గడియ వేసి, మిషను చప్పుడు వినడానికి లోపలికి వెళ్ళిపోయాడు.