కంచె అవతలి నీలం పూలు

మా ఆయన హోయ్ట్ బూడిదరంగు ఉన్ని కోటు మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తున్నాను. ఎప్పుడో అమెరికా అంతర్యుద్ధంలో వాళ్ళ ముత్తాత తొడుక్కున్న కోటు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉండాలని నాచేత విప్పించి, మళ్ళీ మళ్ళీ కుట్టించిన కోటు అది. వెనకనుంచి వచ్చి, ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పాడు.

"నెల్డా, ఆడవాళ్ళకి కూడా ఒక సంఘం పెడుతున్నాం. నువ్వే ప్రెసిడెంట్‌వి."

"సంఘం దేనికి?"

"దేనికేమిటి? మాకు చేదోడువాదోడుగా ఉండటానికి."

నవ్వొచ్చింది. మరి ఇన్నాళ్ళూ మేం చేసిందేమిటట? దక్షిణాది తరఫున పోరాడిన కాన్ఫెడరేట్ సైనికుల వారసులమని చెప్పుకునే ఆ మగవాళ్ళ సంఘంలో ఒక్కడైనా తన కోటు తను కుట్టుకున్నాడా? ఏప్రిల్‌లో స్మారక దినం నాడు వాళ్ళు తుపాకులు పేల్చి ఉపన్యాసాలిస్తారు. ముందురోజు సమాధుల మీద గడ్డి చెక్కేది మేము, కోళ్ళు వేయించేది మేము, నల్ల గౌన్లేసుకుని మేలిముసుగులు దించుకుని, ఎన్నడూ చూడని ఆ సైనికుల పెళ్ళాల్లాగా అందరి ముందూ ఏడ్చేదీ మేమే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. బాగా ఏడుస్తానని నాకు పేరు కూడా. బడి వంటశాలలో వారమంతా నిలబడ్డ కాళ్ళతో ఏడుస్తాను మరి, కన్నీళ్ళకి కొదవేముంది?

"మొదటి పని కూడా విను. పోయినేడు స్మారక దినానికి వచ్చిన చుట్టాల కార్లన్నీ బురదలో దిగబడ్డాయి కదా. శ్మశానం కంచె అవతల పిచ్చితీగ పెరిగిందే, ఈ శనివారం ట్రాక్టర్‌తో చదును చేయిస్తాం. మీరు కేకులమ్మి, కార్లు ఆపుకోవటానికి కంకర పోయించండి."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "అక్కడ వద్దు హోయ్ట్."

"ఏం, అక్కడేముంది? కోటు కాలుతోంది, చూసుకో."

అక్కడేముందో మా ఊళ్ళో ప్రతి ఆడదానికీ తెలుసు. తెలియనట్టు ఉండటమూ తెలుసు. కొత్త కోడలిగా మొదటిసారి సమాధులు ఊడవటానికి వెళ్ళినప్పుడు మా అత్తగారు మిస్ ఐవా గొప్పగా చెప్పింది. యుద్ధం అయిపోయాక మగాళ్ళు కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని ఇళ్ళల్లో పడుంటే, పొలాల్లో చెల్లాచెదురైన ఎముకల్ని బండ్లకెత్తించి ఇక్కడ పూడ్పించింది మన ఆడవాళ్ళేనమ్మాయ్, అని. మరి గోతులు ఎవరు తవ్వారు అని అడిగాను. "పనివాళ్ళు," అంది. ఆ పనివాళ్ళు నిన్నమొన్నటిదాకా వీళ్ళ బానిసలే. చీపురుతో కంచె అవతలికి చూపించి, "ఆ నీలం పూల తీగ దానంతటది మొలవలేదు. ఆ పనివాళ్ళు తమవాళ్ళ సమాధుల గుర్తుకి నాటుకున్నారు. అటు కాలు పెట్టకు," అని మళ్ళీ ఊడవటంలో పడిపోయింది. ఆ తర్వాత ఎన్ని ఏప్రిల్‌లు వెళ్ళాయో, ఆ మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. మావాళ్ళు చచ్చారు, నిజమే. బానిసల్ని వదులుకోలేక చచ్చారన్నదీ నిజమే. మొదటిదానికి మాత్రమే ఏడవటం నేర్పారు నాకు.

మర్నాడు బడి వంటశాలలో, నల్లవాళ్ళ పేటనుంచి వచ్చే అర్నీస్ బంగాళాదుంపలు చెక్కుతూ తలెత్తలేదు. ఇన్నేళ్ళుగా ఒకే బల్ల దగ్గర పని చేస్తున్నాం. కోపమొస్తేనే నన్ను మిస్ నెల్డా అంటుంది.

"ట్రాక్టర్ వస్తోందట కదా, మిస్ నెల్డా."

"నేను వద్దన్నాను అర్నీస్."

"అన్నావులే. మీ కొత్త సంఘం దేనికట?"

"మా పెద్దల్ని తలచుకోవటానికి," అన్నాను. అనగానే నా నోరు నాకే చేదైంది.

"తలచుకోండి తల్లీ, తలచుకోండి. మా పెద్దల మీద కార్లు పెట్టుకుని మరీ తలచుకోండి." దుంప గిన్నెలో విసిరికొట్టింది. నీళ్ళు నా ముఖాన చిందాయి. తుడుచుకోలేదు.

గురువారం చర్చి హాల్లో సంఘం మొదలుపెట్టారు. ఆడవాళ్ళ సంఘమే కానీ ముందు వరస నిండా మగాళ్ళే. మేం కాఫీ పోస్తుండగా హోయ్ట్ లేచి, గొంతు సవరించుకుని ఉద్దేశం చదివాడు. "మగవారి సంఘమునకు చేదోడువాదోడుగా నిలుచుట." చప్పట్లు కొట్టారు. నేను కాఫీ కూజా కింద పెట్టాను.

"ప్రెసిడెంట్‌ని నేనే కదా? ఒక్కమాట. కంచె అవతల నీలం పూలు ఎందుకున్నాయో తెలియని ఆడవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. మగాళ్ళు వెనక్కి తిరిగి తమ పెళ్ళాల్ని కొత్తగా చూస్తున్నారు. పక్కింటి ఫేరీన్ తలొంచుకుని, "మా అమ్మ చెప్పింది," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

"తెలిసీ కేకులు చేద్దామా మరి?"

"నెల్డా, ఇంటికి పద, మాట్లాడదాం," అన్నాడు హోయ్ట్ పళ్ళు బిగించి.

"ఇంట్లో మాట్లాడితే కోటు కాలుతోందంటావు. ఇక్కడే మాట్లాడతాను. ఈ సంఘం ఉద్దేశం సమాధుల్ని కాపాడటం. కంచెకి ఇవతలా, అవతలా."

సగంమంది పర్సులు తీసుకుని వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు లేవలేదు, అలాగని నావైపూ చూడలేదు. ట్రాక్టర్ వచ్చి తీరుతుందని చెప్పి హోయ్ట్ తలుపు ధడాలున వేసుకుని పోయాడు.

శనివారం పొద్దున్నే నా నల్ల గౌను వేసుకున్నాను. మేలిముసుగు దించుకున్నాను. తీగ మధ్యలో చతికిలబడ్డాను. ట్రాక్టర్ వచ్చి కంచె దగ్గర ఆగింది. దాని పక్కన హోయ్ట్, "జనం నవ్వుతారే, లే!" అని అరుస్తున్నాడు. నవ్వనీ. కట్టుకథ ఏడుపులకి ఇన్నేళ్ళు వేసుకున్న గౌను, ఇవాళ్టికి దానికో పని దొరికింది.

అప్పుడు అటువైపు బాటలోంచి అర్నీస్ వచ్చింది, చంకలో మడత కుర్చీతో. నన్నూ ట్రాక్టర్‌నీ మార్చి మార్చి చూసింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను, సిగ్గులేకుండా.

"కాస్త జరుగు నెల్డా," అంది కుర్చీ విప్పుతూ. "మా తాతమ్మ మీద కూర్చున్నావు."

జరిగాను.