తనిఖీ నాటి తలుపు

నస్పూర్‌లో మా బాపు ఉండే వృద్ధాశ్రమం వెనుక గ్రిల్‌కు ఎప్పుడూ తాళమే. వంటింట్లో మంట లేస్తే ముసలివాళ్లు ఎటు పోవాలని అరిచి అరిచి, చివరికి ఫిర్యాదు పెట్టాను. అందుకే ఇవాళ తనిఖీ. నేనూ వెళ్లాను. గ్రిల్‌కు తాళం లేదు. బాపు మంచం మీద బాపూ లేడు.

మా బాపు దేవసహాయం బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. ఇప్పుడు మతి నిలవదు. బాయి సైరన్ మోగితే చాలు, డ్యూటీకి బయలుదేరతాడు. బయట రోడ్డు నిండా బొగ్గు లారీలు.

గ్రిల్ దగ్గర తెల్లకోటు వేసుకున్న కొత్త పిల్ల నిలబడి ఉంది. కోటు మీద నవ్యశ్రీ అని పేరు.

"మా బాపును చూసినవా?"

"సైరన్ మోగంగనే పోయిండక్కా. తలుపు తీసిన. బాటిల్‌ల నీళ్లు గూడ నింపిచ్చిన."

"యాడికని అడుగలేదా?"

"బాయికి పోయేటోళ్లను ఎనుకకెల్లి అడుగుతరా అక్కా? మా ఇంట్ల ఎన్నడడుగం," అంది బిత్తరపోతూ.

లాగి కొట్టాలనిపించింది. కానీ బాపు డ్యూటీకి బయలుదేరుతుంటే మా అవ్వ మాత్రం ఏనాడు అడిగింది?

ఆశ్రమం నడిపే కరుణాకర్ పరుగున వచ్చాడు. "జర మెల్లగ మాట్లాడు చెల్లే, సార్లు లోపట చాయ్ తాగుతుండ్రు."

అతన్ని నెట్టేసి స్కూటీ తీశాను. ప్రతి లారీ కిందికీ చూస్తూ, ప్రభువా ప్రభువా అని గొణుక్కుంటూ పోయాను. బాపు కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

బాపును ఎక్కించుకుని తిరిగొచ్చేసరికి తనిఖీ అధికారి జీపు ఎక్కబోతున్నాడు. "మా తలుపులు ఎప్పటికీ తెరిచే ఉంటయి సార్," అంటున్నాడు కరుణాకర్. నేను నోరు తెరిచేలోపే బాపు ఆ అధికారిని బాయి మేనేజర్ అనుకుని చేతులు జోడించాడు.

"లేటయింది సారూ, మాఫ్ చేయుండ్రి. రోజు బయలెల్లుత, గీడ తలుపు తియ్యరు. ఎంత మొత్తుకున్నా తియ్యరు. గియ్యాల గీ కొత్త బిడ్డ తీసింది."

అధికారి నవ్యశ్రీ వైపు తిరిగాడు. "నువ్వు ఎప్పటి నుంచి పనిచేస్తున్నవమ్మా?"

"ఇయ్యాల్నే సార్. మీరు పోయేదాక ఉండుమన్నరు."

కరుణాకర్ ముఖం మాడిపోయింది. అధికారి తాళం ఎక్కడుందో చూపించమని మళ్లీ లోపలికి నడిచాడు. బాపు కుంటుకుంటూ అతని వెంటపడ్డాడు.

"నాగా వెయ్యకుండ్రి సారూ. నేనైతే రోజు వస్తనే ఉన్న."