పాత పళ్లకు కొత్త చైన్

అత్తగారు ఆ సైకిల్ మీద ఎవరి చెయ్యీ పడనిచ్చేవారు కాదు. ఏళ్ల తరబడి దానిమీదే ఇంటింటికీ పేపర్లు వేసిన మనిషి. కన్నకొడుకు బతిమాలినా ఇవ్వలేదు. అలాంటిది, గుట్ట మీది ఆసుపత్రిలో కోడలికి నర్సు ఉద్యోగం రాగానే, బస్సు కోసం పడిగాపులు ఎందుకంటూ తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టారు.

ఆ నమ్మకం నిలబెట్టుకోవాలని కోడలి తాపత్రయం. చైన్ సాగి వేలాడుతోందని చూసి, అత్తగారికి చెప్పకుండా షాపులో కొత్తది వేయించేసింది. వెనక చక్రానికుండే పళ్లబిళ్ల, ఫ్రీవీల్ కూడా మారిస్తే మంచిదని షాపతను నసిగాడు. పెద్దావిడ వస్తువులో అన్నీ మార్చేస్తే ఏం బాగుంటుందని తనే వద్దంది. పాత చైన్ పారేయడానికి మనసొప్పక కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది.

మర్నాడు గుట్ట ఎక్కుతూ, లేచి నిలబడి గట్టిగా తొక్కేసరికి చైన్ పళ్ల మీంచి ఎగిరి జారింది. పెడల్ ఒక్కసారిగా కిందికి పోయింది, మనిషి రోడ్డు మీద పడింది. వెనక లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. డ్యూటీ అయ్యాక, దోక్కుపోయిన మోకాలితో సైకిల్‌ని నడిపించుకుంటూ ఇల్లు చేరింది. ఇక ఈ సైకిల్ తనకు దక్కదనుకుంది.

అత్తగారు మోకాలు చూశారు, చైన్ చూశారు. ఆవిడ గచ్చు మీద చతికిలబడి ఫ్రీవీల్ పళ్లను వేలితో తడిమారు. అవి అరిగి కొక్కేల్లా వంగి ఉన్నాయి. చైనూ పళ్లూ కలిసి అరిగితే ఒకదానికొకటి సర్దుకుపోతాయని, ఒక్కదాన్నే మారిస్తే రెండోది పట్టనివ్వదని చెప్పి, పాత చైన్ తెమ్మన్నారు.

ఆ వయసులో ఆ చేతుల నేర్పు చూసి కోడలు మోకాలి నొప్పి మరిచిపోయింది. కబుర్లు చెబుతూనే కొత్త చైన్ తీసేసి, లింకు వంక చూడనైనా చూడకుండా పాతది బిగించేశారు. తర్వాత వీధి చివరి వంతెన ఎత్తు మీద నిలబడి తొక్కి వచ్చారు. చైన్ కిక్కురుమనలేదు.

"అయితే ఇంకో ఏడాది వస్తుంది కదా అత్తయ్యా," అంది కోడలు, ప్రాణం లేచొచ్చి.

"వస్తుంది, నేను తొక్కితే," అంటూ ఆవిడ ఎక్కించిన చైన్‌ని మళ్లీ విప్పేశారు. కొత్త చైన్‌కి జోడుగా కొత్త ఫ్రీవీలూ, పెడల్ దగ్గరి పళ్లచక్రమూ పట్టుకురమ్మని కొడుక్కి పురమాయించారు. తన కాలేజీ రోజుల్లో తన సైకిల్ చైన్ దారి పొడవునా జారేదని, అప్పుడు అమ్మకు ఇవేవీ గుర్తురాలేదని గొణుక్కుంటూ అతను చెప్పులేసుకున్నాడు.

"వస్తువన్నాక చివరిదాకా వాడుకోవాల్సిందేనమ్మా," అన్నారు అత్తగారు, తల ఎత్తకుండా. "దానిమీద వెళ్లేది నువ్వైతే మాత్రం అంతదాకా నేను ఆగలేను."

కోడలు కళ్లు తుడుచుకుని, పాత చైన్‌ని మళ్లీ కాగితంలో చుట్టబోయింది. అత్తగారు దాన్ని లాక్కుని చెత్తబుట్టలో పడేశారు.