మేస్త్రి గుండెకు వడంబం

నేను ఒక చిన్న పెట్టెను. నా వైర్లను మనిషి ఛాతీకి అంటించి, నన్ను ఒక రోజంతా నడుముకు కట్టి ఉంచుతారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రాసిపెట్టుకోవడం నా ఉద్యోగం. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, విజయనగరంలో ఒక ఆసుపత్రికి చేరాను. నన్ను కట్టుకున్నవాళ్లు స్నానం చేయకూడదు. ఆ ఇరవై నాలుగు గంటలూ నేను పడే బాధ మాత్రం ఏ రిపోర్టులోనూ ఉండదు.

ఒకసారి తాపీ మేస్త్రి పోలినాయుడి నడుమెక్కాను. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఊరందరికీ ఇళ్లు కట్టి, సొంతిల్లు మాత్రం కిటికీల ఎత్తులో ఆపేసిన మనిషి. మళ్లీ తాపీ పట్టగలనా అన్నదే ఆయన దిగులు.

"గుండె లయ చూస్తే ఎంతవరకు కోలుకుంటారో కొంత అంచనా దొరుకుతుంది" అంది డాక్టర్ హైమవతి.

అంతే, మేస్త్రి తన గుండెకు వడంబం పట్టేశాడు. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి వేలాడదీసే దారం, గుండు ఉంటాయే, అదే వడంబం.

"దెబ్బకీ దెబ్బకీ ఎడం సమానంగా ఉండాల. నలబై ఏళ్లు వంకర గోడ కట్టనేదు, ఇప్పుడు కడతానేటి?" అని భార్య అప్పలనర్సతో చెప్పి, కొయ్యలా బిగుసుకుని పడుకున్నాడు. టీ వద్దన్నాడు. మనవరాలొస్తే మొహం తిప్పుకున్నాడు. వార్డులో ఎవరు దగ్గినా అప్పలనర్స గయ్యిమని లేచింది. రాసిందే రాసి నాకు విసుగొచ్చింది.

"మరీ ఒకేలా ఉందండీ" అంది డాక్టరమ్మ రిపోర్టు చూసి.

"మరేటనుకున్నారు!" మేస్త్రి ఎడంచేత్తో మీసం దువ్వాడు.

"అది మంచిది కాదు నాయుడుగారూ. గుండె వేగంలో కాస్త హెచ్చుతగ్గులుండాలి. అలా ఉన్నవాళ్లే ఎక్కువగా కోలుకుంటారు. రోజంతా కదలకుండా పడుకుంటే ఎలా? రేపు మళ్లీ పెడదాం, మామూలుగా ఉండండి."

మీసం మీద చెయ్యి జారిపోయింది. నాకూ జాలేసింది.

మర్నాడు అప్పలనర్స ఆయన్ని చక్రాల కుర్చీలో వరండాలోకి తెచ్చింది. ఎదురుగా ప్రహరీ కడుతున్నారు. మేస్త్రి ఒక్క చూపు చూశాడో లేదో, నా గీతలు ఎగిరిపడ్డాయి.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఏట్రా ఆ గోడ? మూడో వరస తూర్పుకి తోసేస్తంది, కళ్లు నేవా?"

అరిచాడు, టీ తాగాడు, మనవరాలితో నవ్వాడు, కునుకు తీశాడు, లేచి మళ్లీ అరిచాడు. రాయలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. సాయంత్రానికి ఆ మూడో వరస విప్పి మళ్లీ కట్టారు.

ఈసారి రిపోర్టు చూసి డాక్టరమ్మ ఆశ ఉందంది. మాట ఇవ్వలేదు, ఆశ ఉందని మాత్రమే అంది.

తొమ్మిది నెలలకు మేస్త్రి గృహప్రవేశం కార్డు పట్టుకొచ్చాడు. ఎడంచేత్తో ఇవ్వకూడదు కదా, కుడిచెయ్యే చాపాడు. చెయ్యి వణికింది, దాంతో కార్డూ వణికింది. డాక్టరమ్మ లేచి నిలబడి అందుకుంది.

"గోడలన్నీ తిన్నగా వచ్చాయా?"

"ఒకటి వంకరొచ్చింది తల్లీ. అదొక్కటీ ఈ చేత్తో నానే కట్టినాను. కూలగొట్టనేదు, ఉంచీసినాను."

నేనేమో ఎవరికీ కట్టకుండా బల్ల మీద ఖాళీగా పడి ఉన్నాను. డాక్టరమ్మ గుండె రాసుకోవలసిన రోజది.