కడిగిన మట్టి

ముక్కు మీద కోపం అని ఇంటిల్లిపాదీ ఆడిపోసుకునే మనిషే ఆవిడ. కానీ ఆ ఉదయం చెల్లెలి బడిలో నీళ్లతొట్టిని చూడగానే నిజంగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ తొట్టి కట్టించింది ఆవిడే. కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతుంది. బడి వెనక ఒకప్పుడు పాత బ్యాటరీలు కరిగించేవాళ్లు. ఆ సీసం భూమిలోకి ఇంకి బోరు నీళ్లలో కలిసింది. అందుకని తొట్టిలో ఎర్రమట్టి, ఊకబొగ్గు పొరలు పొరలుగా పరిపించింది. నీళ్లలో కరిగిన సీసం మట్టి రేణువులకు జలగలా అంటుకుపోతుంది, శుభ్రమైన నీళ్లు కింద కుళాయిలోకి దిగుతాయి. కొన్నేళ్లుగా పట్టిన సీసమంతా ఆ మట్టిలోనే ఉంది.

అలాంటి తొట్టి ఇవాళ కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. గోడల మీద తుప్పు మరక లేదు, మట్టి మీద పేరుకున్న జిడ్డు లేదు. ఇదేమిటని అడిగితే అటెండరు సంబరపడిపోతూ చెప్పాడు. విరాళాలిచ్చే పెద్దమనుషులు తొట్టిని చూడటానికి వస్తున్నారట. నిన్న సాయంత్రం పెద్ద టీచరమ్మ దగ్గరుండి యాసిడ్ పోయించి గోడలూ మట్టీ అన్నీ కడిగించారట. ఓసారి నీళ్లు పారించేసి, పొద్దున్నే పిల్లల కోసం మళ్లీ కుళాయి తెరిచారట.

ఆవిడ సంచిలోంచి నీలం లిట్మస్ కాగితం తీసి కుళాయి కింద పెట్టింది. అది ఎర్రబడింది. యాసిడ్ ఇంకా పోలేదు.

పెద్ద టీచరమ్మంటే ఆవిడ చెల్లెలే. అయిదో నెల. ఒక చెయ్యి నడుం మీద ఆనించుకుని బల్ల మీద గుడ్డ సర్దుతోంది.

"మట్టిలో సీసం సీటు పట్టుకుని కూర్చుంది. నువ్వు పోసిన యాసిడ్ దాన్ని లేపేసి ఆ సీట్లో తను కూర్చుంది. లేచిన సీసం ఎక్కడికి పోతుందనుకున్నావే? పిల్లల కడుపుల్లోకి!" అని అరిచింది అక్క.

చెల్లెలు నవ్వేసింది. అంత నీళ్లలో కాసింత యాసిడ్ ఏం చేస్తుందంది. వచ్చేవాళ్లు చూసేదే ఆ తొట్టిని, బోర్డు మీద అక్క పేరు కూడా రాయించానంది. వాళ్లు వెళ్లాక కావలిస్తే కట్టేద్దాం, ఒక్కపూటకే కొంపలు మునగవంది.

బోర్డు మాట వినగానే ఆవిడ ఒళ్లు మండిపోయింది. తన పేరు కింద పసిపిల్లలు సీసం తాగాలా? ఇదీ చదువుకున్నదేగా, ఆ చదువు ఎందుకు వెలగబెట్టినట్టు? మారు మాటాడకుండా వెళ్లి కుళాయి కట్టెయ్యబోయింది. మొండితనంలో చెల్లెలేమీ తీసిపోలేదు. వెనకే వచ్చి గ్లాసు నింపింది.

"ఎంత తేటగా ఉన్నాయో చూడు," అంటూ నోటి దగ్గర పెట్టుకుంది.

అక్క ఆ చేతి మీద లాగి కొట్టింది. గ్లాసు నేల మీద పడి పగిలింది. వరండాలో పిల్లలందరూ కొయ్యబారిపోయారు.

చెల్లెలి చూపు ఆ ముక్కల మీంచి, పిల్లలు అదే కుళాయి కింద నింపుకున్న బాటిళ్ల మీదికి పోయింది. తర్వాత మెల్లగా అంది, "పొద్దున్నుంచీ ఇవే తాగుతున్నానక్కా."

ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది, కానీ బయటికొచ్చింది మాత్రం తిట్టే. "బుద్ధుందా నీకు? పద, డాక్టరు దగ్గరికి."

చెల్లెలు కదల్లేదు. కడుపు మీద చెయ్యేసుకుని నెమ్మదిగా కింద కూర్చుని, దగ్గరగా ఉన్న పిల్ల చేతిలోంచి బాటిల్ తీసుకుని నీళ్లు పారబోసింది. ఆ పక్క పిల్లదీ తీసుకుంది. అక్క కూడా వంగి ఇంకో బాటిల్ అందుకుంది.

అటెండరు పరుగున వచ్చి, పెద్దమనుషుల కార్లు గేటు దగ్గరికొచ్చాయని చెప్పాడు. ఏం చెప్పమంటారని అడిగాడు.

"పిల్లలకి విషం తాగించానని చెప్పు," అంది చెల్లెలు, తలెత్తకుండానే. "అందర్నీ ఆ కార్లలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఇంజిన్లు ఆపొద్దని చెప్పు."